నడక మెదడును కాపాడుతుందా? ఆధారాలు చెప్పేదెంత

2011లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందిని, అంతవరకు పెద్దగా ఒళ్లు కదిలించే అలవాటు లేనివారిని, రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపు వారానికి మూడు రోజులు నడిచింది. పది నిమిషాలతో మొదలుపెట్టి, ఏడో వారానికి 40 నిమిషాలకు చేరుకుని, ఏడాది పొడవునా నడిచింది. రెండో గుంపు కూడా అలాగే వచ్చి, ఒళ్లు సాగదీసే తేలికపాటి కసరత్తులు చేసి వెళ్లింది. ఏడాది చివర ఎంఆర్ఐ తీసి చూస్తే నడిచినవారి హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. రెండో గుంపులో అది సుమారు 1.4 శాతం తగ్గింది.

హిప్పోకాంపస్ అంటే కణతలకు లోపలి వైపున, మెదడు మడతల్లో దాగిన భాగం. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. పొద్దున ఇంటికి ఎవరొచ్చి వెళ్లారు, బీపీ మాత్ర వేసుకున్నామా లేదా, బస్టాండు నుంచి ఇంటికి దారి ఏది, ఇలాంటి కొత్త సంగతులు మనసులో నిలవాలంటే అది సరిగా పనిచేయాలి. అల్జీమర్స్ వ్యాధి తొలి రోజుల్లోనే దెబ్బతినే చోట్లలో అదొకటి. ఏ జబ్బూ లేకపోయినా ముదిమిలో అది ఏటా 1 నుంచి 2 శాతం దాకా కుంచించుకుపోతుంది. కాబట్టి 2 శాతం పెరగడమంటే ఒకటి రెండేళ్ల వయసును వెనక్కి తెచ్చుకున్నట్టేనని పరిశోధకులు లెక్కకట్టారు. ఆ లెక్క ప్రపంచమంతా తిరిగింది. ఇవాళ ఏ పార్కులో నడిచేవారిని కదిలించినా 'నడిస్తే మెదడు పెరుగుతుందట' అన్న మాట వినిపిస్తుందంటే దాని మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది.

అయితే అదే పత్రంలో ఇంకో ఫలితం కూడా ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు గుంపులూ మెరుగయ్యాయి. నడిచినవారు రెండో గుంపును దాటి ముందుకు పోలేదు. నడిచినవారిలో హిప్పోకాంపస్ ఎక్కువ పెరిగినవారికి జ్ఞాపకం కూడా ఎక్కువ మెరుగైందన్న సంబంధం కనిపించింది గాని, నడక వల్ల జ్ఞాపకశక్తి పెరిగిందని ఆ పరీక్ష రుజువు చేయలేదు. ఈ తేడాను చిన్నదని పక్కన పెట్టలేం. పెద్దవాళ్లు కోరుకునేది స్కానులో పెద్దగా కనిపించే హిప్పోకాంపస్‌ను కాదు, మనవరాలి పేరు ఠక్కున నోటికి రావడాన్ని. 2018లో ఇలాంటి 14 ట్రయల్స్‌ను, మొత్తం 737 మంది లెక్కలను ఒకచోట కూర్చి చూసినప్పుడు హిప్పోకాంపస్ మొత్తం పరిమాణంలో నికరమైన తేడా తేలలేదు. ఎడమవైపు భాగంలో మాత్రం కొంత మేలు కనిపించింది. అది కూడా పెరుగుదల వల్ల వచ్చింది తక్కువ, తరుగుదల ఆగడం వల్ల వచ్చింది ఎక్కువ.

వ్యాయామం ముదిమిలో మెదడుకు మేలు చేస్తుందని నేను నమ్ముతాను. అయితే ఎంత మేలు, ఏ వయసులో మొదలుపెడితే మేలు, అది ఏ దారిన మెదడును చేరుతుంది అన్న చోట ఆధారాలన్నీ ఒకే మాట చెప్పవు. వాటిని విడివిడిగా చూడకుండా ఒకే మూటకట్టి 'నడవండి, మతిమరుపు రాదు' అని చెబితే, నడుస్తూనే జబ్బు పడినవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు మనం అన్యాయం చేసినట్టవుతుంది.

ఎలుకల చక్రం

ఈ నమ్మకానికి పునాది పడింది ప్రయోగశాలలో. 1995లో కాలిఫోర్నియాలో కార్ల్ కాట్‌మన్ బృందం, పరుగు చక్రం ఉన్న పంజరాల్లో పెరిగిన ఎలుకల మెదడులో బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ తయారీకి కావలసిన జన్యు సందేశం పెరగడం గమనించింది. నాడీకణాలు బతికి, ఒకదానితో ఒకటి ముడులు వేసుకోవడానికి తోడ్పడే ప్రోటీన్ అది. 1999లో సాల్క్ సంస్థలో హెన్రియెట్ వాన్ ప్రాగ్, గెర్డ్ కెంపర్‌మన్, ఫ్రెడ్ గేజ్ కలిసి ఇంకో అడుగు వేశారు. చక్రంలో పరుగెత్తిన చిట్టెలుకల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుడుతున్నాయని చూపించారు. 2005లో 19 నెలల వయసున్న చిట్టెలుకల్లో, అంటే వాటి లెక్కన ముసలివాటిలో, ఇదే మార్పు కొంతమేర కనిపించింది. అవి ఈదులాట పరీక్షలో దారిని మెరుగ్గా నేర్చుకున్నాయి.

2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సౌల్ విల్లెడా బృందం చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోస్తుంది. వ్యాయామం చేసిన ముసలి చిట్టెలుకల రక్తంలోని ప్లాస్మాను, కదలకుండా కూర్చున్న ముసలి చిట్టెలుకలకు ఎక్కించారు. కూర్చున్నవాటికీ వ్యాయామపు మేలు కొంత అందింది. రక్తంలో ఏముందని వెతికితే కాలేయంలో తయారయ్యే ఒక ఎంజైము బయటపడింది. అది మెదడులోకి నేరుగా చొరబడేది కూడా కాదు. అంటే ఒళ్లు కదిలినప్పుడు కండలు, కాలేయం రక్తంలోకి ఏవో సంకేతాలు పంపుతాయి, వాటి ఫలితం మెదడు దాకా చేరుతుంది. కాళ్లకూ తలకూ ఉన్న ఈ సంబంధం ఊహ కాదని చెప్పడానికి ఇదొక గట్టి సాక్ష్యం.

కానీ ఎలుకల దగ్గర నుంచి మనుషుల దగ్గరికి వచ్చేసరికి నేల కదులుతుంది. పెద్దవయసు మనుషుల హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు పుడతాయా అన్నదే ఇంకా తేలని వివాదం. పుడతాయని 1998లో ఒక బృందం చూపింది. 2018లో ఒక బృందం పెద్దవాళ్లలో అవి కనిపించడం లేదంది. నెల రోజుల తేడాతో ఇంకో బృందం, డెబ్బైల్లో ఉన్నవారిలో సైతం కనిపిస్తున్నాయంది. ఇంకో సంగతి కూడా మరవకూడదు. బోసి పంజరంలో పుట్టి పెరిగిన ఎలుకకు చక్రం ఇవ్వడమంటే దానికి లేని శక్తిని అదనంగా ఇచ్చినట్టా, దాని జాతికి సహజమైన జీవితాన్ని తిరిగి ఇచ్చినట్టా? రెండోదే నిజమైతే, ఎలుకల్లో మనం చూస్తున్నది వ్యాయామం చేసే అద్భుతాన్ని కాదు, కదలనివ్వకపోవడం చేసే కీడును.

ముందు ఏది, వెనక ఏది?

మనుషుల విషయంలో మొదట ఎదురయ్యే ఆధారం, వేలమందిని ఏళ్ల తరబడి గమనించి రాసిపెట్టిన లెక్కలు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1968లో 38 నుంచి 60 ఏళ్ల వయసున్న 191 మంది స్త్రీల చేత సైకిలు యంత్రం తొక్కించి, దమ్ము ఎంతుందో కొలిచారు. ఆ తర్వాత 44 ఏళ్లు వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. దమ్ము బాగా ఉన్నవారిలో 5 శాతం మందికే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చింది. మధ్యస్థంగా ఉన్నవారిలో 25 శాతం మందికి, తక్కువ ఉన్నవారిలో 32 శాతం మందికి వచ్చింది. చూడగానే ఆశ కలిగించే అంకెలు ఇవి. అయితే దమ్ము బాగా ఉన్న గుంపులో ఉన్నది 40 మందే. అందులో 5 శాతమంటే ఇద్దరు. మరో ముగ్గురికి జబ్బు వచ్చి ఉంటే ఈ అంకెలు ఇంత ఘాటుగా ఉండేవి కావు. పైగా కొలిచింది దమ్మును, నడకను కాదు. దమ్ములో పుట్టుకతో వచ్చిన వాటా కూడా ఉంటుంది.

2022లో బ్రిటన్‌లో 78,430 మంది మణికట్లకు కట్టిన పరికరాల లెక్కలు వెలువడ్డాయి. రోజుకు సుమారు 9,800 అడుగులు వేసేవారిలో డిమెన్షియా అందరికంటే తక్కువగా కనిపించింది. 3,800 అడుగుల దగ్గరే 25 శాతం తగ్గుదల కనిపించింది. పదివేల అడుగులు వేయలేక దిగులుపడేవారికి ఇది ఊరటనిచ్చే మాట. కానీ ఆ అధ్యయనం వాళ్లను గమనించింది సగటున ఏడేళ్లలోపే. ఆ ఏడేళ్ల దగ్గరే నాకు అనుమానం మొదలవుతుంది.

డిమెన్షియా ఒక్కరోజులో రాదు. లక్షణాలు బయటపడటానికి పది, పదిహేనేళ్ల ముందు నుంచే మెదడులో మార్పులు మొదలవుతాయి. ఆ రోజుల్లో మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు గాని ఉత్సాహం తగ్గుతుంది. రోజూ వెళ్లే నడక రెండు రోజులకొకసారి అవుతుంది. స్నేహితులు పిలిచినా 'ఇవాళ వద్దులే' అంటాడు. ఆ సమయంలో అడుగులు లెక్కపెడితే, తక్కువ నడిచినవారికి ఎక్కువ జబ్బు వచ్చినట్టు తేలుతుంది. నడవకపోవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు లోలోపల మొదలైంది కాబట్టి నడక తగ్గిందా?

దీన్ని విడదీయగలిగింది లండన్ ప్రభుత్వోద్యోగులపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనం. 1985-88 మధ్య 35 నుంచి 55 ఏళ్ల వయసులో చేరిన 10,308 మందిని సుమారు 28 ఏళ్ల పాటు మళ్లీ మళ్లీ కలిసి ఎంత కదులుతున్నారో అడిగారు. 2017లో సెవరిన్ సాబియా బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన ఫలితం చాలామందిని నిరాశపరిచింది. నడివయసులో చేసిన వ్యాయామానికీ తర్వాత వచ్చిన డిమెన్షియాకూ సంబంధం కనిపించలేదు. జబ్బు పడినవారిలో వ్యాయామం తగ్గడం మాత్రం కనిపించింది, జబ్బు నిర్ధారణకు దాదాపు తొమ్మిదేళ్ల ముందు నుంచీ. 2019లో 19 అధ్యయనాల్లోని 4,04,840 మంది లెక్కలను కలిపి చూసినప్పుడూ ఇలాగే తేలింది. జబ్బు బయటపడటానికి ముందరి పదేళ్లలో కదలని అలవాటును కొలిస్తే ముప్పు 40 శాతం ఎక్కువగా కనిపించింది. అంతకు ముందు కొలిచిన లెక్కల్లో ఆ తేడా దాదాపు మాయమైంది.

ఇది చివరి తీర్పు కాదు. ఈ అధ్యయనాల్లో వ్యాయామాన్ని ఎక్కువగా కొలిచింది ప్రశ్నపత్రాలతో. 'వారానికి ఎన్ని గంటలు నడుస్తారు?' అని అడిగితే మనలో ఎంతమందిమి నిక్కచ్చిగా చెప్పగలం? కొలత మసకగా ఉంటే ఉన్న సంబంధం కూడా కనిపించకుండా పోవచ్చు. అయినా అడుగుల లెక్కలు చూపి 'సగానికి సగం ముప్పు తగ్గుతుంది' అనే ప్రచారానికి ముందు ఈ రెండు పత్రాలను ఒకసారి చదవాలని నేను గట్టిగా కోరతాను.

చీటీ వేసి చూస్తే

ఏది ముందో తేల్చడానికి ఒక దారి ఉంది. ఎవరు నడవాలో, ఎవరు నడవక్కర్లేదో వాళ్ల ఇష్టానికి వదలకుండా చీటీ వేసినట్టు పంచి, ఫలితం చూడటం. ఇలాంటి తొలి పరీక్షలు బాగా ఆశపెట్టాయి. 1999లో ఆర్థర్ క్రేమర్ బృందం 60 నుంచి 75 ఏళ్ల వయసున్న 124 మందితో చేసిన ట్రయల్‌లో ఆరునెలల నడక తర్వాత ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించడం, అడ్డొచ్చే విషయాలను పక్కన పెట్టడం వంటి పనుల్లో మెరుగుదల కనిపించింది. 2010లో వాంకూవర్‌లో 65 నుంచి 75 ఏళ్ల వయసున్న 155 మంది స్త్రీలలో వారానికి ఒకటి రెండుసార్లు బరువులతో కసరత్తు చేసినవారు, ఏడాది తర్వాత ఏకాగ్రత పరీక్షలో ముందున్నారు.

పెద్ద ట్రయల్స్ వచ్చేసరికి కథ మారింది. అమెరికాలో లైఫ్ అనే ట్రయల్ 70 నుంచి 89 ఏళ్ల వయసున్న 1,635 మందిని తీసుకుంది. సగం మందికి నడక, కండల బలం, తూలిపోకుండా నిలబడే కసరత్తులు నేర్పింది. మిగతా సగానికి ఆరోగ్య పాఠాలు చెప్పింది. రెండేళ్ల తర్వాత ఆలోచనాశక్తిలో, జ్ఞాపకంలో రెండు గుంపుల మధ్య తేడా లేదు. డిమెన్షియా గాని, దానికి ముందుమెట్టు అనుకునే తేలికపాటి మతిమరుపు గాని వచ్చినవారు వ్యాయామ గుంపులో 13.2 శాతం, పాఠాల గుంపులో 12.1 శాతం. 80 దాటినవారిలో, మొదట్లో బాగా బలహీనంగా ఉన్నవారిలో కొన్ని పనుల్లో మేలు కనిపించినా, మొత్తంలో తేడా తేలనప్పుడు చిన్న ముక్కల్లో దొరికే తేడాలను జాగ్రత్తగానే చూడాలి. అదే ట్రయల్‌లో కాళ్లకు మాత్రం స్పష్టమైన మేలు జరిగింది. ఊతం లేకుండా 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవారు పాఠాల గుంపులో 35.5 శాతం ఉంటే, వ్యాయామ గుంపులో 30.1 శాతమే. ముసలితనంలో తన పని తాను చేసుకోగలగడం చిన్న మేలేమీ కాదు. కానీ ఆ కాళ్ల మేలును తల ఖాతాలో రాయకూడదు.

2022లో వచ్చిన మెడెక్స్ ట్రయల్‌లో 65 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 585 మంది చేరారు. మతిమరుపు పెరుగుతోందని తమకు తాముగా అనుకుంటున్నవాళ్లు వాళ్లంతా. వ్యాయామం, ధ్యానపద్ధతి, రెండూ కలిపి, ఆరోగ్య పాఠాలు అని నాలుగు గుంపులు చేశారు. ఆరునెలలకు జ్ఞాపకంలో గాని హిప్పోకాంపస్ పరిమాణంలో గాని తేడా రాలేదు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఐదేళ్లు సాగిన ట్రయల్‌లో 105 మందికి స్కాన్లు తీసి చూస్తే, మెదడు తరుగుదలను వ్యాయామ శిక్షణ తగ్గించిన జాడ లేదు. అయితే అక్కడ పోలిక గుంపునూ రోజూ అరగంట కదలమని చెప్పారు. వాళ్లు మాట విని కదిలారు కూడా. నడిచేవారిని నడిచేవారితో పోలిస్తే తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

మొత్తం లెక్క ఏమంటుందంటే, అదీ ఎవరు లెక్కపెట్టారన్న దాన్ని బట్టి మారుతోంది. 2023లో స్పెయిన్ పరిశోధకులు ఆరోగ్యవంతులపై జరిగిన 109 ట్రయల్స్‌ను, 11,266 మందిని తీసుకుని, అచ్చుకాకుండా మూలపడ్డ ఫలితాల ప్రభావాన్ని సర్దుబాటు చేస్తే మేలు దాదాపు లేనట్టేనన్నారు. 2025లో ఇంకో బృందం 2,724 ట్రయల్స్‌ను కవర్ చేసిన 133 సమీక్షలను కలిపి, మేలు ఉంది, అన్ని వయసుల్లోనూ ఉంది అని చెప్పింది. రెండో లెక్క చాలా పెద్దది. కానీ చిన్నపిల్లల నుంచి జబ్బుమనుషుల దాకా, యోగా నుంచి ఆటల దాకా అన్నీ అందులో కలిశాయి. ఒకే గింజను తూచాలంటే గోతాన్ని తూచి లాభం లేదు. ఆరోగ్యంగా ఉన్న అరవై, డెబ్బై ఏళ్ల మనిషి ఏడాది పాటు నడిస్తే పరీక్షల్లో కనిపించే మేలు చిన్నదే ఉంటుందన్నది నా అంచనా.

ఇక్కడ వ్యాయామం పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్లలో సాగే తరుగుదలను రెండేళ్ల ట్రయల్ పట్టుకోగలదా? ట్రయల్‌లో చేరడానికి ముందుకొచ్చేవాళ్లు చదువుకున్నవాళ్లు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. రెండేళ్లలో వాళ్లలో ఎవరూ పెద్దగా తగ్గరు. తగ్గనివారిలో తగ్గకుండా ఆపిన మేలు కనిపించదు. ఒకరిని నలభై ఏళ్ల వయసు నుంచి డెబ్బై దాకా కదలకుండా కూర్చోబెట్టి ఇంకొకరిని నడిపించే పరీక్షను ఎవరూ చేయలేరు, చేయకూడదు.

రక్తనాళాల దారి

అందుకే నేను ఇంకో దారిన వెళ్లి చూస్తాను. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం. ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాని వాటా 20 శాతం. ఆ శక్తిని నిమిషం విడవకుండా అందించేది రక్తం. లోపల వెంట్రుకకంటే సన్నని నాళాలు లెక్కలేనన్ని ఉంటాయి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే, షుగరు అదుపు తప్పితే మొదట దెబ్బతినేది ఆ సన్ననాళాలే. పక్షవాతం పేరుతో బయటపడని చిన్నచిన్న దెబ్బలు మెదడు లోపలి తెల్లని తీగలమయమైన భాగంలో పేరుకుంటాయి. ముసలితనపు మతిమరుపులో చాలావరకు అల్జీమర్స్ ఒక్కటే ఉండదు. అల్జీమర్స్, నాళాల దెబ్బ రెండూ కలిసి ఉంటాయి.

ఈ దారిలో ప్రతి మెట్టుకూ ఆధారం గట్టిగా ఉంది. బీపీ ఉన్నవారిలో క్రమం తప్పని చురుకైన నడక పైఅంకెను 5 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా తగ్గించగలదు. షుగరు అంచున ఉన్నవారు రోజూ నడిచి, తిండి మార్చుకుంటే జబ్బులోకి జారడం తగ్గుతుందని మన దేశంలోనే, చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో చూపింది. అక్కడ మూడేళ్లలో వచ్చిన తగ్గుదల 28.5 శాతం. బీపీని గట్టిగా అదుపు చేస్తే మెదడుకు మేలు జరుగుతుందా? అమెరికాలో 9,361 మందితో చేసిన స్ప్రింట్ ట్రయల్‌లో, పైఅంకెను 120 లోపుకు దించేందుకు వైద్యం చేసిన గుంపులో తేలికపాటి మతిమరుపు 19 శాతం తగ్గింది. డిమెన్షియా తగ్గుదల మాత్రం నికరంగా తేలలేదు. 2025లో చైనా పల్లెల నుంచి వచ్చిన ఫలితం ఆ లోటును తీర్చింది. 326 గ్రామాల్లోని 33,995 మందిలో సగం గ్రామాలవారికి ఊరి వైద్య కార్యకర్తలే మందులిచ్చి, బీపీ కొలిచి, వెంటపడి అదుపులో పెట్టారు. నాలుగేళ్లలో మిగతా గ్రామాల కంటే అక్కడ డిమెన్షియా 15 శాతం తక్కువగా తేలింది. ఊరి ఆరోగ్య కార్యకర్త చేతుల మీదుగా ఇది సాధ్యమైందన్న సంగతి మన ఆశా కార్యకర్తలు తిరిగే ఊళ్లకు నేరుగా పనికొచ్చేది.

2019 నాటి నాలుగు లక్షలమంది లెక్కలో కూడా ఈ దారికి ఒక ఆనవాలు ఉంది. కదలని అలవాటుకూ డిమెన్షియాకూ నేరు సంబంధం తెగిపోయినా, షుగరుకూ గుండెజబ్బుకూ పక్షవాతానికీ ఉన్న సంబంధం తెగలేదు. కాబట్టి నడక మెదడులో కొత్త కణాలను మొలిపిస్తుందన్న మాటకంటే, మెదడుకు నెత్తురు మోసే కాలువలను పూడిపోకుండా చూస్తుందన్న మాటను నేను ధైర్యంగా చెప్పగలను. చెప్పే మాట ఇలా మారితే చేసే పనీ మారుతుంది. నడుస్తున్నాం కదా అని బీపీ మాత్ర మానేయడం అప్పుడు ఎవరికీ తోచదు. అరవై దాటాక మొదలుపెట్టే నడకకంటే నలభైల్లో మానకుండా సాగిన నడకకు విలువ ఎక్కువని కూడా అర్థమవుతుంది.

కష్టం వేరు, కసరత్తు వేరు

మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో లాసీ-డాడ్ అధ్యయనం అంచనా వేసింది. పట్నాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. ఈ మాట చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసి, ఇంటికొచ్చి నీళ్లు మోసిన స్త్రీకంటే ఎక్కువ ఒళ్లు కదిలించిందెవరు?

డెన్మార్క్‌లో 1970ల తొలి నుంచి గమనించిన 4,721 మంది పురుషుల్లో, ఒళ్లు హూనమయ్యే పనులు చేసినవారికి కూర్చుని పనిచేసినవారికంటే డిమెన్షియా ముప్పు 55 శాతం ఎక్కువగా తేలింది. పని చేయడమే కీడు చేసిందని దీని అర్థం కాదు. వెనక చదువు, కూలి, తిండి, వైద్యం, విశ్రాంతి అన్నీ ఉన్నాయి. వ్యాయామం చేసేవాడు అలసిపోతే ఆగుతాడు, నీళ్లు తాగుతాడు, రాత్రి నిద్రపోతాడు. కూలికి వెళ్లిన మనిషి ఎండ తిరిగేదాకా ఆగలేడు. కాబట్టి పల్లెలో బతుకంతా కష్టం చేసినవారికి వెళ్లి 'నడవండి' అని చెప్పడం వాళ్ల బతుకును చూడకుండా చెప్పడమే. వాళ్లకు కావలసింది బీపీ కొలిచే యంత్రం, నెలనెలా అందే మాత్ర, సరిగా వినిపించే చెవి, కంటికి శుక్లాల ఆపరేషన్. లాన్సెట్ కమిషన్ 2024లో డిమెన్షియాకు లెక్కగట్టిన 14 కారణాల్లో వినికిడి లోపం వాటా 7 శాతం, చిన్నప్పుడు చదువు అందకపోవడం వాటా 5 శాతం. కదలకపోవడం వాటా 2 శాతం.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రకటించిన ఫలితం ఇక్కడ గుర్తుకొస్తుంది. డిమెన్షియాతో వచ్చిన 648 మందిని పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారికంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. చదువురానివారిలో కూడా ఈ తేడా నిలిచింది. ఇది కూడా చీటీ వేసి చేసిన పరీక్ష కాదు. వ్యాయామపు లెక్కలకు పెట్టిన ప్రశ్నలన్నీ దీనికీ పెట్టాలి. కానీ ఒక సంగతి తెలుస్తుంది. ముసలి మెదడు నిలబడటం వెనక చాలా ఆసరాలున్నాయి. నడక వాటిలో ఒకటి.

ఇంట్లో అడిగే ప్రశ్న

ఫిన్లాండ్‌లో జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన ఫింగర్ ట్రయల్ వ్యాయామాన్ని ఒంటరిగా వదలలేదు. 60 నుంచి 77 ఏళ్ల వయసున్న 1,260 మందిలో సగం మందికి తిండి, కసరత్తు, మెదడుకు మేత, బీపీ-షుగరు పర్యవేక్షణ కలిపి ఇచ్చింది. రెండేళ్లలో వాళ్ల స్కోరు మామూలు సలహాలు విన్నవారికంటే 25 శాతం ఎక్కువ మెరుగైంది. 2025లో అమెరికాలో 2,111 మందితో చేసిన ఇలాంటి ట్రయల్‌లో తేడా కనిపించింది గాని చిన్నదే. విడిగా చేస్తే కనిపించని మేలు కలిపి చేస్తే కొంత కనిపిస్తోందని తీసుకోవచ్చు.

నలభై, యాభైల్లో ఉన్నవారికి ఈ ఆధారాలన్నీ చదివాక నేను చెప్పగలిగేది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదానికి దూరం కాదు. వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడక. రెండు రోజులు కండలకు పని. 65 దాటితే తూలిపడకుండా నిలబడే కసరత్తులు వారంలో మూడు రోజులు. ఇదంతా మతిమరుపు రాదన్న హామీతో చేసేది కాదు. గుండె, కాళ్లు, షుగరు, నిద్ర, వీటన్నిటికీ పక్కాగా అందే మేలు కోసం చేస్తే, మెదడుకు అందే వాటా అందులో కలిసే వస్తుంది.

జబ్బు వచ్చాక సంగతి వేరు. ఇంగ్లండ్‌లో 2018లో వెలువడిన డాపా ట్రయల్‌లో డిమెన్షియా ఉన్న 494 మందిలో ఒక గుంపుకు నాలుగు నెలలు గట్టి వ్యాయామం చేయించారు. ఒంట్లో దమ్ము పెరిగింది. ఏడాది తర్వాత చూస్తే ఆలోచనాశక్తి మాత్రం మామూలు వైద్యం పొందినవారికంటే కాస్త తక్కువగా ఉంది. తేడా చిన్నదే అయినా, గట్టిగా చేయిస్తే జబ్బు ఆగుతుందన్న ఆశకు అది ఆసరా ఇవ్వలేదు.

డిమెన్షియా వచ్చినవారి ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది. 'డాక్టరు చెప్పినా నాన్న రోజూ నడవలేదు, అందుకే ఇలా అయింది' అని. ఆ కూతురికి చెప్పవలసింది ఇది. నూటికి నూరు మంది నడివయసు నుంచీ కదిలినా, లాన్సెట్ లెక్క ప్రకారం తప్పేది నూటికి రెండు కేసులు. మీ నాన్నగారు ఆ ఇద్దరిలో ఒకరో, మిగతా తొంభై ఎనిమిది మందిలో ఒకరో ఏ స్కానూ చెప్పలేదు. నడవనందుకే వచ్చిందని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఇక సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా వెళ్లడం మాత్రం మానకండి. స్కోరు కోసం వేగం పెంచనక్కర్లేదు, దూరం కొలవనక్కర్లేదు. ఆయనకు తెలిసిన మనుషులు పలకరించే వీధిలో, ఆయన అలసిపోయేలోపు ఇంటికి తిరిగొచ్చేంత దూరం చాలు.